మడత వేరు, దాపరికం వేరు

ఎక్సెల్ షీటులో అక్కర్లేని వరుసలను కళ్ళ ముందు నుంచి తప్పించడానికి రెండు దారులున్నాయి. వరుస నంబరు మీద రైట్ క్లిక్ చేసి 'హైడ్' అనొచ్చు. లేదా 'డేటా' మెనూలో 'గ్రూప్' నొక్కి, ఎడమ అంచున వచ్చిన మైనస్ గుర్తుతో వాటిని ముడిచేయొచ్చు. చూడబోతే ఫలితం ఒకటే: అరవై వరుసలుండే చోట ఒక్క మొత్తం మిగులుతుంది. అందుకే చాలా ఆఫీసుల్లో వీటిని ఒకే పనికి ఉన్న రెండు పేర్లుగా వాడేస్తారు. కానీ వీటి చరిత్రలు వేరు. గ్రూప్ చేయడమన్నది లెక్కలు రాసే వృత్తి అంత పాతది. చిల్లర పద్దులను ఒక మొత్తం కిందికి మడిచి, ఆ మొత్తం తన కింద ఉన్నవాటికి జవాబు చెప్పేలా చూడడం అందులోని కీలకం. హైడ్ చేయడం అలాంటిది కాదు. కాగితం మీదా తెర మీదా కనబడే రూపాన్ని సర్దుకోవడానికి వచ్చిన సౌకర్యం అది. లెక్కతో దానికి పని లేదు. ఒకే సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన చేరడంతో మొదటిదాని మీద ఉన్న నమ్మకం రెండోదానికీ అంటుకుంది. స్ప్రెడ్‌షీట్ల పేరిట ఈ మధ్య రచ్చకెక్కిన పొరపాట్లలో కొన్నింటికి మూలం ఆ కలగాపులగంలోనే ఉందని నా అభిప్రాయం.

మడతకు పాత రుజువు ఇరాక్, ఇరాన్ మట్టిలో దొరికింది. క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దిలో, రాత ఇంకా కుదురుకోకముందే, అక్కడివాళ్ళు మట్టితో చేసిన చిన్న బిళ్ళలతో లెక్క పెట్టేవారు. పశువులకు ఒక ఆకారం, ధాన్యపు కొలతకు ఇంకో ఆకారం. ఆ బిళ్ళలను బోలుగా ఉన్న మట్టి బంతిలో పెట్టి మూసి, పైన ముద్రలు వేసేవారు. మూసేశాక లోపల ఏమున్నాయో తెలియాలంటే బంతిని పగలగొట్టాలి. ఆ ఇబ్బంది తప్పించడానికే కావచ్చు, కొన్ని బంతుల మీద లోపలి బిళ్ళల గుర్తులను పైన కూడా అద్దారు. ఈ బిళ్ళల నుంచే రాత పుట్టిందని డెనిస్ ష్మాంట్-బెస్సెరా చేసిన ప్రసిద్ధ వాదనకు ఈ అద్దకాలే ముఖ్య ఆధారం. ఆ వాదనను పండితులందరూ పూర్తిగా ఒప్పుకోలేదు, అది వాళ్ళ తగవు. మనకు కావలసింది అందులో చిన్న ముక్క: వివరం లోపల, సారం బయట, రెండింటికీ పొంతన కుదరాలి. తర్వాతి కాలంలో ఒప్పందాలకూ ఇదే పద్ధతి పాకింది. ఒప్పందం రాసిన మట్టిపలకకు మట్టితోనే కవరు తొడిగి, దాని మీద అదే పాఠాన్నో సారాంశాన్నో మళ్ళీ రాసి ముద్రలు వేయించేవారు. బయటి రాతను ఎవరో మార్చారని తగవు వస్తే కవరు పగలగొట్టి లోపలి పలకను చదివేవారు. లోపలిది కనబడకుండా పోయింది గానీ, అది ఉన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోలేదు.

క్రీ.పూ. 21వ శతాబ్దంలో, ఊర్ మూడో రాజవంశం నాటికి, ఇది ఏకంగా పాలనా యంత్రాంగమైంది. నిప్పూరు దగ్గర పుజ్రిష్-దగాన్ అనే చోట రాజ్యానికి పశువుల కేంద్రం ఉండేది. ఇప్పుడా దిబ్బ పేరు డ్రేహెం. ఎవరు ఎన్ని గొర్రెలు తోలుకొచ్చారు, ఏ గుడికి ఎన్ని వెళ్ళాయి అని అరచేతిలో ఇమిడే పలకల మీద ఏ రోజుకారోజు రాసేవారు. వాటిని కలిపితే నెల పలక, నెలలను కలిపితే ఏడాది పలక. చిన్న పలకలను బుట్టల్లో పెట్టి, ఒక్కో బుట్టకు ఒక్కో మట్టి బిళ్ళను తాడుతో వేలాడదీసేవారు. 'పలకల బుట్ట' అని మొదలుపెట్టి, లోపలున్నవి ఎలాంటి లెక్కలో, ఏ అధికారివో, ఏ కాలానివో ఆ బిళ్ళ మీద ఉండేది. తాడు పోయింది, బుట్ట పోయింది, బిళ్ళలు మాత్రం మ్యూజియంలకు చేరాయి. ఎక్సెల్‌లో మడిచిన గుంపు పక్కన నిలబడే ప్లస్ గుర్తు ఇవాళ చేస్తున్నది సరిగ్గా ఆ బిళ్ళ చేసిన పనే. ఇక్కడ మడత ఉందని చెబుతుంది, కావాలంటే విప్పుకోమంటుంది.

ఇటలీ వర్తకుల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతికి తిరుగుదారి కూడా ఏర్పడింది. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అచ్చువేయించిన గణితగ్రంథంలో జంటపద్దుల విధానం మీద ఒక భాగం ఉంది. రోజువారీ సంగతులు రాసుకునే చిత్తు పుస్తకం, దాన్నుంచి తీర్చి రాసే జర్నల్, చివరికి ఖాతాల వారీగా లెడ్జరు. జర్నల్‌లో ప్రతి పద్దు పక్కన అంచులో, అది లెడ్జరులో ఏ పుటలకు వెళ్ళిందో ఆ అంకెలు వేయాలంటాడు పాచోలీ. చిన్న విషయంలా కనబడే ఈ అంచు అంకెల మీదే ఆడిటింగ్ మొత్తం నడుస్తుంది: వరుస నుంచి మొత్తానికి వెళ్ళిన దారినే మొత్తం నుంచి వరుసకు తిరిగి రావచ్చు. ట్యాలీలో బ్యాలెన్స్ షీటు మీద ఎంటర్ కొడుతూ గ్రూపులోంచి లెడ్జరుకు, లెడ్జరులోంచి ఫలానా రోజు వోచరుకు దిగిపోయే మన ఊళ్ళ గుమాస్తాలు ఆ అంచు అంకెల మీదే నడుస్తున్నారు.

ఆ తిరుగుదారి తెగిపోతే ఏమవుతుందో చూడడానికి తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. 1802లో మద్రాసు ప్రభుత్వం 25వ రెగ్యులేషన్ తెచ్చి ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతికి దిగింది. జమీందారు కట్టాల్సిన పేష్కషు ఒకసారి ఖాయమయ్యాక, ఏ ఊళ్ళో ఏ రైతు ఎంత పండించాడు, ఎంత ఇచ్చుకున్నాడు అన్నది సర్కారు పుస్తకంలోకి రానవసరం లేదు. అప్పటిదాకా నేరుగా ఈస్టిండియా కంపెనీ కింద ఉన్న హవేలీ భూములను కూడా ముఠాలుగా విడగొట్టి వేలం వేశారు. కలెక్టరు కచేరీలో ఒక్కో ఎస్టేటుకు ఒక్కో అంకె మిగిలింది. కింది వరుసలు లేకుండా పోలేదు, కరణాల దగ్గర ఉన్నాయి. అవి ముఖ్యమని కంపెనీకీ తెలుసు. అదే సంవత్సరం 29వ రెగ్యులేషన్‌తో కరణం ఉద్యోగాన్నీ, అతను రాయాల్సిన లెక్కలనూ చట్టంలో పెట్టడమే అందుకు సాక్ష్యం. కానీ లెక్క రాయాలని చట్టంలో ఉండడం ఒకటి, కచేరీలో కూర్చున్నవాడికి ఆ వరుస దాకా వెళ్ళే దారి ఉండడం ఇంకొకటి.

గుంటూరు జిల్లాలో ఆ దారి ఎలా మూసుకుపోయిందో రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో అచ్చయిన పుస్తకంలో ఓపికగా తవ్వి చూపించాడు. 1788 నుంచి 1848 దాకా ఆ జిల్లా చరిత్ర అది. జిల్లాలో అసలు సమాచారం గ్రామాధికారుల దగ్గర, కచేరీలో పాతుకుపోయిన కొన్ని దేశస్థ బ్రాహ్మణ కుటుంబాల దగ్గర ఉండిపోయిందనీ, పైనున్న ఇంగ్లీషు అధికారికి వాళ్ళు చేరనిచ్చినంతే చేరిందనీ ఆయన చెప్పినదాని సారం. 1832-33 నాటి నందన కరువు జిల్లాను ఊడ్చేసింది. శిస్తు పడిపోయింది, మళ్ళీ సరిగా లేవలేదు. మొత్తం తగ్గిందని మద్రాసుకు తెలుసు. ఏ వరుసలో తగ్గిందో తెలియదు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారిని విచారణకు పంపారు. కరువుతోపాటు పాలనలోని లోపాలను కూడా బయటపెట్టిన ఆయన, జిల్లాలో భూమి సర్వే చేయించడం తప్పనిసరి అని సిఫారసు చేశాడు. గమనించాల్సింది ఆ సిఫారసునే. అంకె ఎందుకు తగ్గిందని అడగడానికి వెళ్ళినవాడు, ముందు చేలు కొలవండి అని చెప్పి వచ్చాడు.

దత్తమండలాల్లో థామస్ మన్రో అంతకు ముందే ఈ పని చేశాడు. 1800 నుంచి 1807 దాకా అక్కడ కలెక్టరుగా ఉండి, చేను చేనుకూ గొలుసు వేయించి కొలిపించి, రైతు రైతుకూ శిస్తు కట్టించే ప్రయత్నం చేశాడు. రైత్వారీ మంచిచెడ్డలు వేరే చర్చ. శిస్తు ఎక్కువ వేశారన్న విమర్శ బలమైనదే, మన్రోనే తర్వాత తగ్గించమని రాశాడు. లెక్కల కోణంలో చూస్తే మాత్రం అది సర్కారు మొత్తంతో ఆగకుండా వరుస దాకా దిగిన సందర్భం. ఆ తర్వాత రైత్వారీ ఊళ్ళలో స్థిరపడిన గ్రామ లెక్కలను చూడండి. అడంగల్ సర్వే నంబరు వారీగా నడుస్తుంది, చిట్టా పట్టాదారు వారీగా. ఒకే భూమిని రెండు రకాలుగా గుంపులు కట్టడం అన్నమాట, రెండు చోట్లా పట్టా భూమి విస్తీర్ణం ఒకటే రావాలి. సర్వే నంబరు 112ను అన్నదమ్ములు పంచుకుంటే 112/1, 112/2 అవుతాయి; రెండోది మళ్ళీ చీలితే 112/2ఏ, 112/2బి. పిల్ల నంబర్ల విస్తీర్ణాలు కూడితే తల్లి నంబరు విస్తీర్ణం తేలాలి. ఏటా జమాబందీలో ఊళ్ళ లెక్కలు తనిఖీ అయ్యి తాలూకా మొత్తంలోకి, అక్కడి నుంచి జిల్లా మొత్తంలోకి ఎక్కేవి.

దీన్నిబట్టి రైత్వారీ కరణం సత్యహరిశ్చంద్రుడని ఎవరూ అనుకోనక్కర్లేదు. సాగును బీడుగా, బీడును సాగుగా రాయడం అతనికి కొత్త కాదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు ఊళ్ళలో చాలామంది సంతోషించడానికి అలాంటి కారణాలున్నాయి. కానీ అబద్ధం రాసినా అది ఫలానా సర్వే నంబరు పక్కన, ఫలానా ఫసలీ సంవత్సరంలో రాయాల్సి వచ్చేది. ఇవాళ కూడా ఆంధ్ర ఊళ్ళలో అడంగల్ విస్తీర్ణం సర్వే నాటి మూల రిజిస్టరైన ఆర్.ఎస్.ఆర్.తో సరిపోలడం లేదని రైతు అర్జీ పెట్టుకోగలుగుతున్నాడంటే, సరిపోలాలన్న నియమం ఆ లెక్క కట్టడంలోనే ఉంది గనక. పేష్కషు అంకెతో అలాంటి పేచీ పెట్టడానికి రైతుకు పట్టు దొరకదు.

ఇక తెర దగ్గరికి వద్దాం. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కోసం తెచ్చిన విసికాల్క్‌లో 254 వరుసలు, 63 కాలమ్‌లు ఉండేవి. కాలమ్ వెడల్పు మార్చుకోవచ్చు గానీ, మారిస్తే అన్నీ కలిసే మారేవి. అంటే ఒక్కదాన్ని కుదించి మాయం చేసే వీలే లేదు. ఒక్కో కాలమ్‌కు ఒక్కో వెడల్పు ఇవ్వడం 1983లో వచ్చిన లోటస్ 1-2-3తో జనానికి అలవాటైంది. 1985 నాటి రెండో రిలీజులో కాలమ్‌లను దాచే ఆజ్ఞ కూడా చేరింది. ఎక్సెల్‌లో ఇప్పటికీ వరుస ఎత్తును సున్నా చేస్తే అది హైడ్ అయినట్టే లెక్క. ఎత్తులూ వెడల్పులూ, ప్రింటు కాగితంలో ఏది పడుతుంది ఏది పట్టదు అన్న యాతనలోంచి పుట్టిన సౌకర్యమిది. అందులో తప్పేమీ లేదు. దానికి కింద ఏమున్నదో, ఏ మొత్తానికి చెందుతుందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

మడత మాత్రం తెర మీదికి లెక్కల వైపు నుంచి రాలేదు, రాతపని వైపు నుంచి వచ్చింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఇచ్చిన ప్రదర్శనను మౌస్ కోసం గుర్తుపెట్టుకుంటారు. నాకు అందులో ముఖ్యమనిపించేది ఆయన చూపించిన సరుకుల చీటీ. ఇంటికి తేవాల్సిన వస్తువులను తెర మీద రాసి, వాటిని రకాలుగా సర్ది, తర్వాత వస్తువులన్నీ ముడుచుకుపోయి రకాల పేర్లు మాత్రమే మిగిలేలా చేశాడు. ఆయన తయారుచేసిన ఎన్.ఎల్.ఎస్. అనే వ్యవస్థలో ప్రతి పద్దుకూ 1ఏ2 లాంటి చిరునామా ఉండేది. 112/2ఏ చదవడం అలవాటైన గ్రామ రెవెన్యూ ఉద్యోగికి అది వింతగా తోచదు. 1983లో డేవ్ వైనర్ స్థాపించిన లివింగ్ వీడియోటెక్స్ట్ కంపెనీ 'థింక్‌ట్యాంక్' పేరుతో ఈ పద్ధతిని పర్సనల్ కంప్యూటర్లకు తెచ్చింది. 1990లో ఎక్సెల్ 3.0 దీన్ని లెక్కల షీటుకు అతికించింది. అంచున ప్లస్ మైనస్ గుర్తులు, మెట్టు మెట్టుకూ 1, 2, 3 అని బటన్లు, మొత్తం ఎనిమిది మెట్ల దాకా. అప్పటికి అది అవసరమైపోయింది. లోటస్ తొలి రూపంలో వరుసలు 2,048, ఎక్సెల్ మొదట్లో 16,384. 1997 నాటికి 65,536, 2007లో 10,48,576. తెర మీద ఒకేసారి కనబడేవి మాత్రం అప్పుడూ ఇప్పుడూ పదుల్లోనే.

ఒకే షీటులో రెండు వంశాలూ కాపురం పెట్టాక ఏం జరిగిందో 2008 సెప్టెంబరులో న్యూయార్కు చూసింది. ఆ నెల 15న లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. దాని ఉత్తర అమెరికా వ్యాపారాన్ని కొనడానికి బార్క్‌లేస్ ముందుకొచ్చింది. 18వ తేదీ అర్ధరాత్రిలోగా పత్రాలు దివాలా కోర్టుకు చేరాలి. బార్క్‌లేస్ తీసుకోబోయే ఒప్పందాల జాబితా ఎక్సెల్ షీటుగా లాయర్ల ఆఫీసుకు ఆ రాత్రే అందింది. దాదాపు వెయ్యి వరుసలు, 24 వేలకు పైగా గడులు. తీసుకోదలచని 179 ఒప్పందాలు కూడా అందులోనే ఉన్నాయి. వాటిని చెరిపేయలేదు, 'వద్దు' అన్న అర్థంలో 'ఎన్' అని గుర్తు పెట్టి, వరుసలను హైడ్ చేశారు. పీడీఎఫ్‌గా మార్చేముందు అక్షరాలు చదవడానికి వీలుగా షీటంతటా వరుసల ఎత్తులు, కాలమ్‌ల వెడల్పులు ఒక్క దెబ్బతో సరిచేశారు. హైడ్ అంటే సున్నా ఎత్తే గనక, ఎత్తు సరిచేయగానే 179 వరుసలూ లేచి కూర్చున్నాయి. 'ఎన్' గుర్తు మాత్రం పీడీఎఫ్‌లో పడలేదు. వద్దన్న ఒప్పందాలు కావాలన్నవాటితో కలిసి కోర్టు రికార్డుకెక్కాయి. పొరపాటు అక్టోబరు మొదట్లో గాని కనిపించలేదు, సరిదిద్దమని దరఖాస్తు పెట్టింది 10వ తేదీన. వందల కోట్ల డాలర్ల వ్యాపారంలో ఏ ఒప్పందం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు వరుస ఎత్తులో దాగి ఉండడం విడ్డూరమే.

ఉత్తర ఐర్లండులో జరిగింది ఇంకా భయంకరం. 2023 ఆగస్టు 8న అక్కడి పోలీసు శాఖ సమాచార హక్కు కింద వచ్చిన ప్రశ్నకు జవాబుగా ఒక స్ప్రెడ్‌షీట్ ఇచ్చింది. అడిగింది ఏ హోదాలో ఎంతమంది ఉన్నారన్న సంఖ్యలు. ఆ సంఖ్యలు తీసిన మూల జాబితా, అంటే 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు, దాచిన షీటు రూపంలో ఆ ఫైలుతోపాటే ఇంటర్నెట్‌కెక్కింది. పోలీసు ఉద్యోగం చేస్తున్నట్టు ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకోలేని పరిస్థితి ఉన్న చోట అది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. మరుసటి ఏడాది బ్రిటన్ సమాచార కమిషనర్ ఆ శాఖకు ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా వేశాడు.

ఇవి మనుషుల అజాగ్రత్తలే గానీ పనిముట్టు తప్పు కాదనే వాదన ఉంది. అజాగ్రత్త నిజమే. కానీ ఎలాంటి అజాగ్రత్తకు ఒక పనిముట్టు చోటిస్తుందన్నది కూడా దాని గుణమే. గుంపును మడిచిన షీటు చేతికందితే అంచున ప్లస్ గుర్తు మొదటి చూపులోనే కనబడుతుంది. హైడ్ చేసిన చోట మిగిలేది 7 తర్వాత 12 రావడమే. వెయ్యి వరుసల షీటులో, అర్ధరాత్రి గడువు ముందు, నంబర్ల వరుసలో గెంతును ఎవరు పట్టుకుంటారు? దాచిన షీటుకైతే అడుగున ట్యాబు కూడా ఉండదు. జీతాల వంటి గోప్యమైన వివరాలకు హైడ్ తప్పదు కదా అని ఇంకో మాట. గోప్యతకు హైడ్ ఏనాడూ పనికిరాలేదు, రెండు క్లిక్కుల్లో తెరుచుకునేదాన్ని గోప్యం అనలేం. బయటికి పంపే ఫైలులో దాచిన వరుసలు, షీట్లు ఉన్నాయేమో వెతికిపెట్టే తనిఖీని మైక్రోసాఫ్ట్ 2007 ఆఫీసులో చేర్చిందంటే, హైడ్ మీద దాని తయారీదారుకున్న నమ్మకం ఎంతో తెలుస్తూనే ఉంది. వెళ్ళకూడనిది ఉంటే ఆ ఫైలులో ఉండకూడదు, అంతే.

ఈ రెంటికీ నేను చెప్పినంత తేడా లేదన్న అభ్యంతరం మాత్రం గట్టిది. ఎక్సెల్ ఫైలును విప్పి లోపలి రాత చూస్తే, చేత్తో దాచిన వరుసకూ మడిచిన గుంపులోని వరుసకూ 'దాచబడింది' అన్న గుర్తు ఒకటే. మడిచి పంపినా లోపలిది అవతలివాడికి వెళ్ళిపోతుంది. ప్రింటు తీస్తే ప్లస్ గుర్తు కూడా పడదు. ఇవన్నీ నిజాలే, ఒప్పుకోవాల్సిందే. అయితే గుంపులోని వరుసకు అదనంగా ఇంకో గుర్తుంటుంది: అది ఎన్నో మెట్టు మీద ఉందన్నది. ఆ ఒక్క అంకె వల్లే అది ఏ మొత్తానికి చెందినదో చెప్పగలుగుతున్నాం, దాన్ని అనాథగా వదిలేయకుండా ఉంటున్నాం. ప్రింటులో ప్లస్ పోయినా మొత్తం చూపే వరుస నిలబడే ఉంటుంది. ఆ మొత్తాన్ని పట్టుకుని దీని కింద ఏమున్నాయి అని అడగొచ్చు. హైడ్ చేసిన 179 వరుసల గురించి అలా అడగడానికి ఆ షీటులో ఏ అంకే లేదు.

ఈ తేడాను సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు కూడా పూర్తిగా తేల్చుకోలేదు. ఎక్సెల్‌లో సబ్‌టోటల్ అనే సూత్రం ఉంది. దానికి 9 అని చెబితే చేత్తో దాచిన వరుసలను కలుపుకుని కూడుతుంది, 109 అని చెబితే వాటిని వదిలేసి కూడుతుంది. ఫిల్టరుతో పక్కకు తప్పుకున్న వరుసలను రెండూ వదిలేస్తాయి. 'డేటా' మెనూలోని సబ్‌టోటల్ ఆజ్ఞను వాడితే ఎక్సెల్ తనే గుంపులు కట్టి తనే 9 వేసుకుంటుంది, కాబట్టి మడిచినా విప్పినా మొత్తం కదలదు. అదే షీటులో ఎవరైనా చేత్తో 109 రాస్తే, మడిచిన గుంపును కూడా అది దాచిన వరుసలుగానే చూస్తుంది. అప్పుడు షీటు అడుగున కనబడే మొత్తం ఎంతన్నది, ఆ ఫైలును చివరగా సేవ్ చేసినవాడు ఏ గుంపును మడిచి, ఏ గుంపును తెరిచి వదిలాడన్న దాన్నిబట్టి ఉంటుంది.